బోర్డు చాలదు, వాగు ఒడ్డున మనిషి కావాలి

రెండు తెలుగు రాష్ట్రాల అటవీ, పర్యాటక, పోలీసు, రెవెన్యూ, రహదారుల శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. వానాకాలంలో శని, ఆదివారాలు వస్తే పిల్లల్నీ పెద్దవాళ్లనీ కారెక్కించుకుని జలపాతాలు చూడటానికి బయల్దేరే మామూలు కుటుంబాలవాళ్లం మేం. కుంటాల, పొచ్చెర, బొగత, మల్లెలతీర్థం, మారేడుమిల్లి, తలకోన... ఎటు వెళ్లినా దారి అడవిలోంచే. దారిలో దుప్పుల గుంపు కనిపించినా, నెమలి అడ్డంగా పరిగెత్తినా పిల్లలు ఆ వారమంతా అదే చెప్పుకుంటారు. ఇలాంటి చోట్లను ఇన్నాళ్లూ కాపాడుకొస్తున్నందుకు మీ శాఖలకు కృతజ్ఞతలు.

ఇక విషయానికి వస్తాం. పోయిన వానాకాలం ముగిశాక ఒక వినతిపత్రం ఇచ్చాం. ఒక జలపాతం దగ్గర కళ్లారా చూసింది రాసి, ఏం చేస్తే ప్రాణాలు నిలుస్తాయో మాకు తోచింది కూడా రాశాం. ముట్టినట్టు రసీదు ఇచ్చారు. కొన్నాళ్లయ్యాక వెళ్లి అడిగితే పై ఆఫీసుకు పంపామన్నారు. పై ఆఫీసులో అడిగితే అది తమ పరిధిలోకి రాదు, పక్క శాఖది అన్నారు. పక్క శాఖ నుంచి ఈ రోజు దాకా ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తొలకరి దగ్గరపడుతోంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

కింది స్థాయి సిబ్బంది మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. వానలో తడుస్తూ చెక్‌పోస్టుల దగ్గర నిలబడేవాళ్లనూ, వాగులో కొట్టుకుపోయినవాళ్ల కోసం తాళ్లు కట్టుకుని దిగేవాళ్లనూ మేం చూశాం. వాళ్ల కష్టానికి తగ్గ ఏర్పాటు లేదన్నదే మా బాధ.

జరుగుతున్నది ఇది.

1. వాగు చెప్పి రాదని అందరూ అంటారు. కానీ చాలాసార్లు అది చెప్పే వస్తుంది. తేటగా ఉన్న నీళ్లలో ఎర్రమట్టి జీరలు కనిపిస్తాయి. ఎండుటాకులు, విరిగిన పుల్లలు కొట్టుకొస్తాయి. చప్పుడు మారుతుంది. అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇవన్నీ తెలుసు. పట్నం నుంచి వచ్చిన మాకు తెలియవు. మేం నిలబడ్డ చోట ఎండ కాస్తుంటే, పైన కొండల్లో కుండపోతగా కురుస్తోందని మేం ఊహించలేం. బొగతనే తీసుకోండి. వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీద ఉన్న ఆ జలపాతానికి నీళ్లొచ్చేది ఛత్తీస్‌గఢ్ వైపు కొండల నుంచి. అక్కడ రాత్రి పడ్డ వాన ఇక్కడ పొద్దున పొంగుతుంది. పైన పడ్డ వాన కిందికి చేరడానికి కొంతసేపు పడుతుంది. జనాన్ని పైకి తరలించడానికి మనకున్న గడువు ఆ కాసేపే.

ఆ గడువును వాడుకోలేకపోతే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతం చూసి తిరిగొస్తున్న 80 మంది దాకా పర్యాటకులు, మధ్యలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. ఆ వానలో, ఆ చీకట్లో సహాయ దళాలు అక్కడికి చేరి వాళ్లను బయటికి తెచ్చాయి. అందరూ ప్రాణాలతో ఇళ్లకు చేరారు. 2024 సెప్టెంబరు 22, ఆదివారం మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో అలా జరగలేదు. విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు నీళ్లలో ఉండగా ఒక్కసారిగా ఉద్ధృతి పెరిగింది. ముగ్గురు చనిపోయారు. రేపో మాపో డాక్టర్లు కావాల్సిన పిల్లలు. జలతరంగిణి అడవిలో ఎక్కడో మారుమూల ఉన్న చోటు కూడా కాదు, రోడ్డు పక్కనే ఉంటుంది.

మా వినతిపత్రంలో రాసింది ఇలాంటి సందర్భమే. ఒక జలపాతం దగ్గర మేం చాలామందిమి రాళ్ల మీద కూర్చుని ఉన్నాం. అక్కడ కాపలాకు ఒక కోయ యువకుడు ఉన్నాడు. మెడలో ఈల, చేతిలో వెదురు కర్ర. అతను మా వైపు చూడటం లేదు, నీళ్ల వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఈల వేసి అందరినీ లేపడం మొదలుపెట్టాడు. "అక్కా, పిల్లల్ని తీసుకుని పైకి నడవండి. పైన వాగు లేచింది" అన్నాడు. కొందరు ఇంకో ఫొటో అన్నారు, కొందరు వాదనకు దిగారు. అతను గొంతు పెంచలేదు, పక్కకూ జరగలేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి లేచేదాకా కదల్లేదు. మేం మెట్ల దగ్గరికి చేరి వెనక్కి చూసేసరికి నీళ్ల రంగు మారిపోయింది. కాసేపట్లోనే మేం కూర్చున్న బండ మునిగింది. ఎవరివో చెప్పులు రెండు ఆ నీళ్లలో తిరుగుతూ కనిపించాయి. తర్వాత మాట్లాడితే తెలిసింది, అతనిది రోజుకూలి. శని, ఆదివారాలే పని. అంతకు ముందు నెల డబ్బులు ఇంకా చేతికి రాలేదు. అదే చోట 'ప్రమాదకర ప్రాంతం, నీటిలోకి దిగరాదు' అని బోర్డు ఉంది. దాని కిందే జనం బట్టలు ఆరేసుకున్నారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జలపాతం పడే చోటి గుండాలు చెరువులాంటివి కావు. పైనుంచి పడే నీళ్లు గాలిని లోపలికి లాక్కుపోతాయి. బుడగలు నిండిన ఆ నురగ నీళ్లు మామూలు నీళ్లలా మనిషిని పైకి తేల్చవు. కింద సుడి పట్టి లాగుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా కుంటాల గుండాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నది ఇందుకే. ఈ మాట ఎంతమంది కుర్రాళ్లకు తెలుసు? 'లోతు ఎక్కువ' అని రాస్తే ఈత వచ్చినవాడు ఆగడు. 'ఈత వచ్చినా ఈ నీళ్లు తేల్చవు' అని రాస్తే ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు. పారే నీళ్ల సంగతీ అంతే. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి కాలు నిలవదు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలిపోతుంది. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే 'దాటేద్దాం, ముందు బండి వెళ్లింది కదా' అనుకునేవాళ్లకు ఈ అంకెలు ఎవరూ చెప్పడం లేదు.

2. జలపాతం మూసేశారన్న సంగతి గేటు దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. వానలు ఎక్కువగా ఉన్నప్పుడు మూసేయడం సరైన నిర్ణయమే, దాన్ని మేం తప్పుపట్టం. కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో తెల్లవారుజామున బయల్దేరి, వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాక గేటుకు తాళం కనిపిస్తే జనం ఇంటికి తిరిగి వెళ్లరు. ఫోనులో వెతుకుతారు. ఎవరో పెట్టిన వీడియో చూసి, గేటూ, కాపలా, కంచె ఏదీ లేని ఇంకో జలపాతానికి బండి తిప్పుతారు. అంటే భద్రత కోసం వేసిన తాళం, చెప్పే పద్ధతి లేకపోవడం వల్ల, జనాన్ని అంతకంటే ప్రమాదమైన చోటికి పంపిస్తోంది. అక్కడ ఫోను సిగ్నల్ కూడా ఉండదు. కాలు విరిగినా కబురు పంపే దారి లేదు.

ఇందులో నష్టపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. గేటు బయట మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆడవాళ్లు, టీ కొట్టువాళ్లు, ఆటోవాళ్లు ఆదివారం మీదే ఆశ పెట్టుకుని సరుకు తెచ్చుకుంటారు. ముందు రోజే తెలిస్తే వాళ్లకు ఆ పెట్టుబడైనా మిగులుతుంది.

3. ఇక అడవి రోడ్డు. పులుల అభయారణ్యాల్లో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలమని, అడవికి విశ్రాంతి కావాలని. మంచి నియమం. అయితే జలపాతాలకు జనం ఎక్కువగా వచ్చేదీ ఆ మూడు నెలల్లోనే. లోపలి దారులు నిశ్శబ్దంగా ఉంటాయి, అడవిని చీల్చుకుంటూ వెళ్లే పెద్ద రోడ్డు మాత్రం శని, ఆదివారాల్లో తిరునాళ్లలా ఉంటుంది. సఫారీ లేదు కాబట్టి జంతువుల్ని రోడ్డు మీదే చూడాలనుకుంటారు. దుప్పి కనిపించిందని ఒకరు మలుపులో ఆపితే వెనకాల నాలుగు బండ్లు ఆగుతాయి. హారన్లు, పాటలు, కారు పైకప్పులోంచి తలలు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ జాతీయ రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపేస్తారు. అటు ఆంధ్ర వైపు దోర్నాల నుంచి శ్రీశైలం దారిలోనూ రాత్రి నిషేధం ఉంది. ఈ నిషేధం లేకపోతే నల్లమలలో ఇంకా ఎన్ని ప్రాణులు పోయేవో. దాన్ని ఎత్తేయమని అడిగేవాళ్లతో మేం ఏకీభవించం.

కానీ ఆదివారం రాత్రి 8 దాటాక ఆ రోడ్డు మీద ఏం జరుగుతుందో ఒకసారి మీరే నిలబడి చూడండి. గేటు పడకముందే అందుకోవాలన్న టెన్షన్‌లో బండ్లు దూసుకుపోతాయి. జింకలు, కణుజులు, అడవిపందులు, ఎలుగులు మేతకు బయటికొచ్చే వేళ అది. వాన వెలిశాక కప్పలు, పాములు రోడ్డెక్కుతాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు, డ్రైవర్ కళ్లు చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లే సమయం కూడా కలుపుకొంటే, పొడి రోడ్డు మీద దాదాపు 25 మీటర్లలో ఆగుతుంది. 80లో వెళ్తే 65 మీటర్లు దాటుతుంది. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ. లైట్లు డిమ్‌లో ఉంటే స్పష్టంగా కనిపించేది 50 మీటర్లు, అటూ ఇటూ. అంటే 80లో వెళ్లేవాడు జంతువును చూసిన క్షణానికే ఆలస్యమైపోయింది. పెద్ద జంతువును గుద్దితే బండిలో ఉన్నవాళ్లు కూడా బతుకుతారన్న నమ్మకం లేదు. ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డ కూర్చుని ఉండే కార్లు ఇవి.

పొద్దున గేటు తీసే వేళా ఇంతే. అప్పటిదాకా వరసలో ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా వదులుతారు. నల్లమలలో మనం చూడగోరే జీవాల్లో చాలావరకు తిరిగేది తెల్లారగట్ల, మునిమాపున. మన పరుగు కూడా సరిగ్గా ఆ వేళలకే పడుతోంది.

4. కోతులకు తిండి వేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కారు అద్దం దించి అరటిపండో చిప్స్ ప్యాకెట్టో విసురుతారు, కోతులు రోడ్డు మీదే కాపురం పెడతాయి, పిల్లలతో సహా చక్రాల కింద పడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో వన్యప్రాణుల్ని వేధించడం, చెత్త పారేయడం నిషిద్ధం. అమ్రాబాద్‌లో 2024 జూలై 1 నుంచి ప్లాస్టిక్‌పై నిషేధం కూడా ఉంది. అమలు చేయండి, సహకరిస్తాం.

5. దుర్ఘటన జరిగిన రోజు భారమంతా ఎవరి మీద పడుతోంది? ఆ పక్క ఊరివాళ్ల మీద. శవం కోసం గుండంలోకి దిగేది ఆ ఊరి చేపలు పట్టేవాళ్లూ గజ ఈతగాళ్లూ. వాళ్లకు లైఫ్ జాకెట్ లేదు, బీమా లేదు, చాలాసార్లు కనీసం ఒక మంచి తాడు లేదు. అడవిలో చిక్కుకున్నవాళ్లను రాత్రిపూట వెతకడానికి దారి చూపేదీ వాళ్లే. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఒడ్డున కూర్చుని ఉంటే, నీళ్లు తగ్గేదాకా ఇంట్లోంచి గంజి, టీ తెచ్చి ఇచ్చేది ఆ ఊరి ఆడవాళ్లు. మరుసటి రోజు జలపాతం మూసేస్తే కూలి పోయేదీ వాళ్లకే. ఏ పాపమూ ఎరగనివాళ్లు.

ఏ జలపాతం దగ్గర ఏ ఏడాది ఎంతమంది చనిపోయారో, ఎందుకు చనిపోయారో ఒకచోట దొరికే లెక్క మాకు ఎక్కడా కనిపించలేదు. లెక్క లేనప్పుడు ప్రతి మరణమూ విడిగా, దురదృష్టంగా కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే కారణాలు అవే ఉంటాయి: పాకుడు రాళ్లు, పైనుంచి దిగిన వాగు, గుండంలో ఈత, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. జూన్ నుంచి అక్టోబరు దాకా, జనం వెళ్లే ప్రతి జలపాతం దగ్గరా, వారమంతా, స్థానిక గిరిజన యువతను కాపలాదారులుగా పెట్టండి. ఈల, లైఫ్ జాకెట్, విసిరే తాడు, వాకీటాకీ, ప్రథమ చికిత్స శిక్షణ, నెల తిరగ్గానే జీతం, ప్రమాద బీమా. అన్నిటికంటే ముఖ్యం, అతను 'లేవండి' అంటే లేవాల్సిందేనన్న అధికారం రాతలో ఉండాలి. కాదన్నవాళ్ల మీద జరిమానా వేసే పోలీసు మద్దతు ఉండాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నల్లమలలో చెంచు యువకులు పులుల జాడ పట్టే పనిలో, బేస్ క్యాంపుల్లో అటవీ శాఖకు కళ్లూ చెవులుగా ఉన్నారు. మారేడుమిల్లిలో గిరిజనుల వన సంరక్షణ సమితులు ఎకో టూరిజం నడిపి చూపించాయి. పులి అడుగు గుర్తుపట్టగల మనిషిని మనం నమ్మినప్పుడు, వాగు రంగు గుర్తుపట్టగల మనిషినీ నమ్మాలి.

సిబ్బందికి డబ్బు లేదనే జవాబు వస్తుందని తెలుసు. ప్రవేశ రుసుము, పార్కింగ్, చెక్‌పోస్టు దగ్గర పర్యావరణ రుసుము మేం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బులో మొదటి వాటా ఒడ్డున నిలబడే మనిషికి పోవాలి. సెల్ఫీ పాయింట్లు, రంగురంగుల లైట్లు, సిమెంటు జింకల బొమ్మలు ఆ తర్వాత. ఇంకాస్త రుసుము పెంచినా కడతాం, ఆ పెంచింది అతని జీతానికే పోతుందంటే.

2. పైన పడ్డ వాన కబురు కింద గేటుకు చేరాలి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల వారీగా వాన లెక్క ఇస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. సమాచారం ఉంది. అది కలెక్టరేటు దాకా వచ్చి ఆగుతోంది, వాగు ఒడ్డుకు చేరడం లేదు. ఒక్కో జలపాతానికి ఎగువన ఏ వాగులు, ఏ ఊళ్లు ఉన్నాయో గుర్తించి, అక్కడి వాన ఒక హద్దు దాటగానే కింద కాపలాదారుకు నేరుగా ఫోను పోయే ఏర్పాటు చేయండి. సిగ్నల్ లేనిచోట వాకీటాకీ. కుంటాల, పొచ్చెర రెండూ కడెం నదివే. ఒకచోట నీటి రంగు మారితే రెండోచోటికి నిమిషాల్లో కబురు వెళ్లాలి. బొగత విషయంలో సరిహద్దు అవతలి జిల్లాతో కూడా మాట్లాడుకోవాలి, వానకు రాష్ట్రాలు తెలియవు కాబట్టి.

3. ప్రతి జలపాతం రేపు తెరిచి ఉంటుందా, లేదా? ముందు రోజు సాయంత్రం 6 గంటలకల్లా ఒకే పేజీలో, తెలుగులో పెట్టండి. తెరిచి ఉంది, చూడొచ్చు గానీ నీళ్లలోకి దిగకూడదు, మూసేశాం. ఈ మూడు మాటలు చాలు. అదే సమాచారం టోల్‌ప్లాజాల దగ్గర, హైవే పెట్రోలు బంకుల దగ్గర బోర్డు మీద కనబడితే, చాలా బండ్లు అక్కడినుంచే వెనక్కి తిరుగుతాయి.

4. అడవి రోడ్డుకు టైమ్ స్లిప్పు పెట్టండి. మొదటి చెక్‌పోస్టులో ఎక్కిన సమయం కొట్టి ఇవ్వాలి, చివరి చెక్‌పోస్టులో చూడాలి. అనుమతించిన వేగంతో పట్టాల్సిన సమయం కంటే ముందే వస్తే జరిమానా. తిరుమల ఘాట్ రోడ్డులో ఇదే పద్ధతి మనందరికీ అలవాటే, భక్తులెవరూ కాదనలేదు. అప్పుడు 9 గంటల గేటు కోసం పరుగెత్తినా లాభం ఉండదు, పరుగు దానంతటదే తగ్గుతుంది. రోడ్డు మీద ఎక్కడెక్కడ జంతువులు ఎక్కువ దాటుతాయో ఆ లెక్క మీ దగ్గర ఉంటుంది; ఆ చోట్ల స్పీడ్ బ్రేకర్లు వేయండి. అంబులెన్సులకు, అడవిలోని పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో ఉండే కుటుంబాలకు ఇబ్బంది లేకుండా చూడాలి.

దూరాలోచన కూడా కావాలి. మన నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి నాగపూర్ దాటాక పెంచ్ అడవిలోకి వెళ్తుంది. అక్కడ రోడ్డును పైకి లేపి, కింద జంతువులు దాటే దారులు వదిలారు. పులులు సహా ఎన్నో జంతువులు వాటికింద నుంచి నడిచి వెళ్లడం కెమెరాలకు చిక్కింది. నల్లమలకూ, కవ్వాల్ పులుల అభయారణ్యానికీ అలాంటివి రావాలి. అవి వచ్చేదాకా టైమ్ స్లిప్పుకు కావాల్సింది ఒక మనిషి, ఒక గడియారం.

5. మరణాల లెక్క ఏటా బయటపెట్టండి. జలపాతం పేరు, తేదీ, కారణం, అప్పుడు అక్కడ కాపలా ఉందా లేదా. చనిపోయినవాళ్ల పేర్లు అక్కర్లేదు. రోడ్డు మీద చనిపోయిన జంతువుల లెక్క కూడా అలాగే.

6. గాలింపులో దిగే స్థానిక ఈతగాళ్లను గుర్తించి, వాళ్లకు సామగ్రి, బీమా, పనిచేసిన రోజుకు డబ్బు ఇవ్వండి.

7. ఆడవాళ్లకు మరుగుదొడ్డి, తడిబట్టలు మార్చుకునే గది ప్రతిచోటా ఉండాలి. చాటు కోసం పొదల్లోకి, రాళ్ల వెనక్కి వెళ్లి జారిపడేవాళ్లున్నారు. ఇది కూడా ప్రాణాలకు సంబంధించిన విషయమే.

జనం మాట వినరు, తాగి వస్తారు, రీల్స్ కోసం అంచుకు వెళ్తారు, మేమేం చేస్తాం అని మీరు అనొచ్చు. అందులో నిజం ఉంది. తాగి నీళ్లలోకి దిగేవాళ్లను గేటు దగ్గరే ఆపండి, సీసాలు లాక్కోండి, మా మద్దతు పూర్తిగా ఉంటుంది. కానీ మేం పైన చెప్పిన ఆ కోయ యువకుడి మాట జనం విన్నారు. వాదించినవాళ్లు కూడా చివరికి లేచారు. తమ ముందు నిలబడి, తమ పిల్లల వైపు చూపిస్తూ మాట్లాడే మనిషిని కాదనడం అంత తేలిక కాదు. తుప్పు పట్టిన రేకు బోర్డుకు ఆ శక్తి లేదు.

మాతోపాటు ఈ దారుల్లో తిరిగే తోటి ప్రయాణికులకూ ఒక మాట. కాపలాదారు లేవమంటే లేవండి. వాన పడుతుంటే తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే మొదలుపెట్టండి. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆగండి. ముందు బండి దాటిందని మీరూ దాటకండి. పేరూ ఊరూ లేని జలపాతాలకు దారి చూపే వీడియోలు పెట్టకండి. మీరు తిరిగొచ్చి ఉండొచ్చు, అది చూసి వెళ్లినవాళ్లు రాకపోవచ్చు.

అధికారులారా, ఈ ఏడాది వానలు మొదలయ్యేలోపు మాకు మూడు విషయాలకు రాతపూర్వకంగా జవాబు కావాలి. ఈ పని ఏ శాఖది? ఏ జలపాతం దగ్గర ఎంతమంది కాపలాదారులను, ఏ తేదీ నుంచి పెడుతున్నారు? మూసివేత సమాచారం ఎక్కడ చూడాలి? పరిధి మీది కాదనుకుంటే, ఎవరిదో ఆ అధికారి హోదాతో సహా రాయండి. వాళ్లకే నేరుగా రాస్తాం. జూన్ మొదటి వారం దాటినా జవాబు రాకపోతే, సమాచార హక్కు చట్టం కింద ఇవే ప్రశ్నలు ప్రతి జిల్లాలోనూ విడివిడిగా వేస్తాం. వచ్చిన జవాబులు, రాని జవాబులు కూడా ఇలాగే అందరి ముందూ పెడతాం.

ఇట్లు,
వానాకాలంలో జలపాతాల దారి పట్టే కుటుంబాల తరఫున